కబురు వెళ్ళి జవాబు వచ్చేలోపు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి నెట్‌వర్క్ జాప్యం కొలత చరిత్ర

1. పరిచయం

కోదాడలో ఒక విద్యార్థి ఆన్‌లైన్ తరగతిలో ప్రశ్న అడుగుతాడు. మాట అవతలికి చేరి జవాబు వచ్చేలోపు అధ్యాపకుడు తరువాతి అంశంలోకి వెళ్ళిపోతాడు. ఫిర్యాదు చేస్తే "మీ స్పీడు బాగానే ఉంది" అన్న సమాధానం వస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. స్పీడు వేరు, జాప్యం వేరు. మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం లారీ ఒక్క విడతలో టన్నులకొద్దీ సరుకు మోస్తుంది, కాని హైదరాబాదు చేరడానికి గంటలు పడుతుంది. మోసే బరువు స్పీడుకు పోలిక, దారిలో పట్టే కాలం జాప్యానికి పోలిక. ఈ పాఠంలో జాప్యాన్ని మనుషులు ఎలా కొలిచారో, కొలిచే సర్వర్‌కు కాపలా ఎందుకు అవసరమైందో పరిశీలిద్దాం.

2. కబురు నడిచిన దారి

గోల్కొండకూ మచిలీపట్నం రేవుకూ మధ్య రాకపోకలు పాతవి. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ ప్రయాణపు మజిలీలను, దూరాలను రాసిపెట్టాడు. నేటి 65వ జాతీయ రహదారి హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు, అక్కడి నుంచి మచిలీపట్నానికి వెళుతుంది. మిర్యాలగూడ మీదుగా గుంటూరు వైపు రైలుమార్గం ఉంది.

దూరం తెలిసినంత మాత్రాన కాలం తెలియదు. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం కోదాడ, మునగాల దాటి సూర్యాపేట చేరింది. వెనుదిరిగిన నిజాం సైన్యం ఆ సైన్యాన్ని ఆలస్యం చేయడానికి మూసీ వంతెనను కూల్చింది. కిలోమీటర్లు మారలేదు, పట్టే కాలం మారింది. నెట్‌వర్క్‌లోనూ ఇంతే.

తంతి వచ్చాక జాప్యం కాగితం మీదికెక్కింది. 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య ప్రయోగంగా మొదలైన తీగ 1855 నాటికి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. టెలిగ్రాం కాగితం మీద కబురు ఇచ్చిన సమయం, అందిన సమయం రెండూ ఉండేవి. ఈ రెండింటి తేడాకు అర్థం ఉండాలంటే రెండు ఊళ్ళ గడియారాలూ ఒక్కటే చెప్పాలి. అందుకే తంతి, రైల్వే శాఖలు మద్రాసు కాలాన్ని పాటించాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. కొలతకు గడియారమే పునాది అన్న ఈ సూత్రం మళ్ళీ అయిదో భాగంలో ఎదురవుతుంది.

నేను నల్లగొండ జిల్లాలో బడికి వెళ్ళే రోజుల్లో ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద గంటలకొద్దీ కూర్చున్న వాళ్ళను చూశాను. కాల్స్‌లో ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులుండేవి. ఎక్కువ డబ్బు కట్టినవారికి తక్కువ జాప్యం. ఎంతసేపు కూర్చున్నామన్నది కూర్చున్నవారికి తెలుసు కాని, దానికి వారి చేతిలో రుజువు ఉండేది కాదు.

3. పింగ్ పుట్టుక

ఇంటర్నెట్‌లో సందేశం చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఐసీఎంపీ నిబంధనావళిలో "ఎకో" అనే ఏర్పాటు ఉంది. ఒక యంత్రం పంపిన ప్యాకెట్‌ను మరో యంత్రం తిప్పి పంపాలి. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్ దీని ఆధారంగా "పింగ్" అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ చప్పుడు నుంచి ఆ పేరు తీసుకున్నాడు. పంపిన క్షణాన్నీ తిరిగి అందిన క్షణాన్నీ ఒకే గడియారం చూస్తుంది కాబట్టి, తంతి నాటి రెండు గడియారాల చిక్కు ఇక్కడ లేదు.

ఈ కొలతకు ఒక సహజమైన హద్దు ఉంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. పోను రాను 270. అంటే దాదాపు 1.4 మిల్లీసెకన్లు చాలు. పింగ్ 60 మిల్లీసెకన్లు చూపితే మిగతా కాలమంతా చుట్టుదారిలోనో, రద్దీలోనో, ఇంటికి వచ్చే చివరి తీగలోనో, వైఫైలోనో పోయిందన్నమాట. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు వెళ్ళాల్సిన ప్యాకెట్ కూడా, రెండు కంపెనీల నెట్‌వర్కులు దగ్గరలో కలవకపోతే, హైదరాబాదో ముంబయో పోయి రావలసి ఉంటుంది.

4. జాప్యానికి వచ్చిన నిబంధన

మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలైంది. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే మారేందుకు 2003లో నిక్సీ ఏర్పడింది. 2006లో ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు జారీచేసి జాప్యానికి హద్దులు పెట్టింది. కంపెనీ గేట్‌వే నుంచి నిక్సీ లేదా అంతర్జాతీయ గేట్‌వే వరకు 120 మిల్లీసెకన్లు, విదేశీ కేంద్రం వరకు భూమార్గంలో 350, ఉపగ్రహ మార్గంలో 800 మించరాదని ఆ నిబంధనలు అప్పట్లో చెప్పాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కొలత మొదలయ్యేది వినియోగదారుడి ఇంటి నుంచి కాదు, కంపెనీ గేట్‌వే నుంచి. కోదాడలోని ఇంటికీ ఆ గేట్‌వేకీ మధ్య పోయిన కాలం ఈ లెక్కలోకి రాలేదు. కొలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది కొలతంత ముఖ్యం. పట్టణంలోని కళాశాలలోనో గ్రంథాలయంలోనో సొంత కొలత సర్వర్ ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

5. జవాబిచ్చే సర్వర్, మూడు ప్రమాదాలు

కొలత సర్వర్ స్వభావమే జవాబివ్వడం. ఎవరు అడిగినా జవాబిచ్చేదాన్ని ఇతరులపై దాడికి వాడుకోవచ్చునని మూడు అనుభవాలు నేర్పాయి.

మొదటిది 1996 నాటిది. పాత ఎకో సేవనూ, అక్షరాలు కుమ్మరించే చార్జెన్ సేవనూ దొంగ చిరునామాతో ముడిపెడితే రెండూ ఆగకుండా ఒకదానికొకటి పంపుకుంటాయని అమెరికాలోని సెర్ట్ కేంద్రం హెచ్చరించింది. పాఠం: అవసరం లేని ప్రతి సేవనూ మూసివేయాలి.

రెండోది 1998 నాటి "స్మర్ఫ్" దాడి. బాధితుడి చిరునామాతో ఒక నెట్‌వర్క్ మొత్తానికి పింగ్ పంపితే, అందులోని యంత్రాలన్నీ కలిసి బాధితుడి మీద జవాబులు కురిపించాయి. పాఠం: మూకుమ్మడి పింగ్‌కు జవాబివ్వరాదు, మిగతావాటికి సెకనుకు ఇన్ని అని హద్దు పెట్టాలి. భయపడి ఐసీఎంపీని పూర్తిగా ఆపినవారు మరో తప్పు చేశారు. ప్యాకెట్ పరిమాణం పెద్దదైందని చెప్పే సూచనలు కూడా ఆగిపోయి, కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోకుండా పోయాయి.

మూడోది 2013–14లో గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ సర్వర్లతో జరిగింది. "ఇటీవల నిన్ను అడిగినవారెవరు?" అన్న చిన్న ప్రశ్నకు అవి పెద్ద జాబితా పంపేవి. దాడిచేసేవారు ఆ జాబితాలను బాధితుల మీదికి మళ్ళించారు. పాఠం: గడియారం సరిగా ఉండాలి కాని, అపరిచితులకు ఆ జాబితా ఇవ్వకూడదు.

6. మన పట్టణంలో కొలత కేంద్రం

దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. లినక్స్ నడిచే పాత కంప్యూటర్, కరెంటు పోయినా నిలబెట్టే యూపీఎస్, వైఫై కాకుండా నేరుగా తీగ కనెక్షన్ చాలు. అందులో స్మోక్‌పింగ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకోవచ్చు. అది మామూలుగా అయిదు నిమిషాలకోసారి ప్రతి లక్ష్యానికీ 20 పింగ్‌లు పంపి, మధ్యస్థ విలువనూ, తప్పిపోయిన ప్యాకెట్లనూ గ్రాఫుగా భద్రపరుస్తుంది. సగటు ఒక్కటే చూస్తే సాయంత్రపు రద్దీ పగటి ఖాళీలో కలిసిపోతుంది.

లక్ష్యాలు మూడు ఉండాలి: సొంత గేట్‌వే, హైదరాబాదులోని ఒక సర్వర్, దేశం బయటి ఒక సర్వర్. గేట్‌వే దగ్గరే కాలం పెరిగితే లోపం పట్టణంలోనే ఉన్నట్టు. మొదటిది బాగుండి రెండోది పెరిగితే లోపం దారిలో వెతకాలి.

భద్రత విషయంలో నాలుగు పనులు మరువరాదు. లాగిన్‌కు పాస్‌వర్డ్ బదులు తాళంచెవి ఫైలు వాడాలి. ఫైర్‌వాల్‌లో అవసరమైన ద్వారాలే తెరవాలి. నిర్వహణ ద్వారం తెలిసిన చిరునామాలకే పరిమితం కావాలి. అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేయాలి. రెండు కేంద్రాల మధ్య మరింత కచ్చితంగా కొలవాలంటే 2008లో వచ్చిన ట్వాంప్ పద్ధతి ఉంది. అందులో రహస్య తాళంతో ఎదుటివారిని గుర్తుపట్టే ఏర్పాటు ఉంది కనుక దాన్ని తప్పక వాడాలి.

7. సారాంశం

కబురు ఆలస్యమైందన్న బాధ ఈ దారిలో కొత్తది కాదు. ఆ బాధను రుజువుగా మార్చుకునే సాధనం సామాన్యుడి చేతికి రావడం కొత్త. సాధనం బయటివారి చేతికి చిక్కితే రుజువు పోతుంది, పైగా నిందా వస్తుంది. కాబట్టి కొలత, కాపలా ఒకే పనిలోని రెండు భాగాలు. తేదీ, సమయం, అంకె ఉన్న నెల రోజుల గ్రాఫు చేతిలో పెట్టుకుని ఫిర్యాదు రాసిన విద్యార్థికి "స్పీడు బాగానే ఉంది" అన్న ఒక్క మాటతో జవాబు చెప్పడం కష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. స్పీడు, జాప్యం మధ్య తేడాను మీ ఊరి ఉదాహరణతో వివరించండి.
2. 2006 నాటి నిబంధనలో కొలత మొదలయ్యే స్థానం ఎందుకు ముఖ్యం?
3. ఐసీఎంపీని పూర్తిగా ఆపివేయడం ఎందుకు సరికాదు?