హోల్ బై టూ ఏ

“మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ...” సార్ ఊపిరి తీసుకుంటారు. “హోల్ బై టూ ఏ.”

ఆ చివరి మాట వినగానే కీబోర్డు మీద అమ్మాయి వేళ్ళు ఆగుతాయి. హోమ్ మీట నొక్కుతుంది. కర్సర్ ఒక్క ఉరుకులో లైను మొదటికి వెళ్తుంది. అక్కడ ఒక ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, మళ్ళీ చివరికొచ్చి దాన్ని మూసి, ‘ఓవర్ 2ఏ’ అని కొడుతుంది. అప్పుడు గానీ తల ఎత్తదు. “తర్వాతది చెప్పుండ్రి సార్.”

మీరు ఆమె కుర్చీ వెనకాల నిలబడి చూస్తున్నారు. బొంగులూరు గేటు దగ్గర జిరాక్స్ షాపు పైన చిన్న గది ఇది. కిటికీ అవతల సాగర్ రోడ్డు. ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు దిగిన లారీలు, ఆదిబట్ల వైపు తిరిగే కార్లు హారన్లు మోగిస్తున్నాయి. గదిలో ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ప్రింటరు, సార్ ఒళ్ళో పెన్సిల్ రాతతో నిండిన లాంగ్ నోట్‌బుక్కు. బీటెక్ మొదటి సంవత్సరం పిల్లల కోసం ప్రాక్టీసు ప్రశ్నలు తయారవుతున్నాయి. చెప్పేది రిటైరైన లెక్చరర్. కొట్టేది కింద షాపులో జిరాక్సులు తీసే అమ్మాయి. బీకాం చదివింది, ఇంటిగ్రల్ ఎప్పుడూ చెయ్యలేదు.

స్క్రీన్ మీద ఫార్ములా బొమ్మ కోసం వెతక్కండి. వర్డ్‌లో లాగా గుర్తులు ఏరుకునే మెనూ లేదు, మౌస్‌తో పనే లేదు. నల్లటి టెర్మినల్‌లో తెల్లటి మాటలున్నాయి. ‘డాట్ ఈక్యూ’ అని ఒక లైను, ‘డాట్ ఈఎన్’ అని ఇంకో లైను. ఆ రెండింటి మధ్య సార్ పలికినదే దాదాపు పలికినట్టు ఉంది. స్క్వేర్ అన్నచోట ‘సప్ 2’, రూట్ అన్నచోట ‘ఎస్‌క్యూఆర్‌టీ’, బై అన్నచోట ‘ఓవర్’, ప్లస్ ఆర్ మైనస్‌కు ఆ రెండు గుర్తులూ పక్కపక్కన. ఈక్యూఎన్ అనే పాత పనిముట్టు భాష ఇది.

సార్ నోట్‌బుక్కులో పేజీ తిప్పుతారు. “ఎక్స్ స్క్వేర్ బై ఏ స్క్వేర్, ప్లస్, వై స్క్వేర్ బై బి స్క్వేర్, ఈక్వల్స్ వన్.”

ఈసారి వేళ్ళు ఎక్కడా ఆగవు. ‘ఎక్స్ సప్ 2 ఓవర్ ఏ సప్ 2 ప్లస్ వై సప్ 2 ఓవర్ బి సప్ 2 ఈక్వల్స్ 1’. ఒక్క బ్రాకెట్టు లేదు. సప్ ముందు అతుక్కుంటుంది, ఓవర్ ఆ తర్వాత దాని రెండు పక్కలా ఉన్నవాటిని మాత్రమే పట్టుకుంటుంది, ప్లస్ వాటిని ముట్టుకోదు. మనిషి చెవి కూడా దీర్ఘవృత్త సమీకరణాన్ని ఇలాగే విడదీసుకుంటుంది. లేటెక్ అనే ఇంకో అచ్చు భాషలో అయితే భిన్నం రాబోతోందని ‘ఫ్రాక్’ ముందే చెప్పాలి. కానీ డిక్టేషన్‌లో భిన్నం సంగతి సగం దూరం వచ్చాక, బై అన్నప్పుడే తెలుస్తుంది. అందుకే వింటూ కొట్టేవాళ్ళకు ఈక్యూఎన్ కంటే దగ్గరి భాష లేదని నా నమ్మకం. పేజీ అందంలో లేటెక్‌దే పైచేయి, అందులో వాదన లేదు. చెవికి మాత్రం ఇదే.

ఇలా కావడం యాదృచ్ఛికం కాదు. అమెరికాలో న్యూజెర్సీ, మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిహన్, లోరిండా చెర్రీ కలిసి దీన్ని తయారుచేశారు. 1975లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో దాని గురించి రాశారు. అంతకుముందు గణితం కంపోజింగ్ అంటే ప్రెస్సువాళ్ళు అదనంగా వసూలు చేసే పని. కెర్నిహన్ చదువుకునే రోజుల్లో చూపులేనివాళ్ళ కోసం సాంకేతిక పుస్తకాలను టేపులో చదివి రికార్డు చేసేవారు. ఫార్ములాను గొంతుతో ఎలా చెప్పాలో ఆయనకు ఆ పనిలోనే అలవాటైంది. గణితం తెలియని, అచ్చుపని తెలియని టైపిస్టులు సైతం గంటలో నేర్చుకోగలిగేలా ఉండాలని ఇద్దరూ కోరుకున్నారు. వ్యాకరణం కోసం తోటి ఉద్యోగి స్టీవ్ జాన్సన్ తయారుచేసిన యాక్ అనే పనిముట్టును వాడుకున్నారు. అర్ధశతాబ్దం తర్వాత ఈ గదిలో కూర్చున్న బీకాం అమ్మాయి సరిగ్గా వాళ్ళు ఊహించిన మనిషే.

అయితే హోల్ దగ్గర మాత్రం వాళ్ళ ఊహ మన క్లాసురూముకు అందలేదు. ‘ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్’, ‘హోల్ బై టూ ఏ’ అంటూ మన మాస్టార్లు కట్టంతా చెప్పేశాక చివర తాడు బిగిస్తారు. ఈక్యూఎన్‌కు తాడు మొదలు ముందే కనపడాలి. ఆ వెనక్కి ఉరికే హోమ్ మీట లేకపోతే ఏమవుతుందో మీకు చూపించమని సార్ అంటారు. అమ్మాయి మొదటి ఫార్ములాకు పోయి బ్రాకెట్లు తీసేస్తుంది, ఒక కమాండ్ కొడుతుంది: ‘జీరాఫ్, మైనస్ ఈ, మైనస్ ఎంఎస్, మైనస్ టీ పీడీఎఫ్’. పీడీఎఫ్ తెరుచుకుంటుంది. మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్ ఎడమపక్క విడిగా నిలబడ్డాయి. 2ఏ వర్గమూలం కింద మాత్రమే ఉంది. చూడటానికి శుభ్రంగా, నీటుగా ఉన్న తప్పు సూత్రం. పరీక్షకు ముందురోజు రాత్రి దీన్ని బట్టీ పట్టే పిల్లవాడు దాన్ని అనుమానించడు. అమ్మాయి వెంటనే బ్రాకెట్లు తిరిగి పెట్టేస్తుంది.

ఆ కమాండ్‌లో ‘మైనస్ ఈ’ అన్నదే ఈక్యూఎన్‌ను పిలిచింది. అది ఫైలంతా చదువుతూ పోతుంది. మామూలు వాక్యాలను ముట్టుకోకుండా వదిలేస్తుంది. డాట్ ఈక్యూ కనపడగానే మేలుకుని, ఆ మాటలను ‘ఇంత పైకి జరుగు, అక్షరం ఇంత చిన్నది చెయ్యి, ఇక్కడ గీత గియ్యి’ అనే ఆదేశాలుగా మార్చి తర్వాతివాడికి అందిస్తుంది. పేజీ పేర్చేది ఆ తర్వాతివాడే. అప్పట్లో అది జో ఒసానా రాసిన ట్రాఫ్, ఇప్పుడు 1990లో జేమ్స్ క్లార్క్ విడుదల చేసిన జీరాఫ్. ఒకరు మార్చి ఇస్తున్నకొద్దీ ఇంకొకరు అందుకుంటారు, మధ్యలో యూనిక్స్ పైపు. 1978లో వచ్చిన సీ లాంగ్వేజ్ పుస్తకాన్ని కెర్నిహన్, సహరచయిత రిచీ ఈ యూనిక్స్ పనిముట్లతోనే స్వయంగా కంపోజ్ చేసుకున్నారు.

“ఇంటిగ్రల్ జీరో టు ఇన్ఫినిటీ, ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్, డీఎక్స్, ఈక్వల్స్ రూట్ పై బై టూ.”

‘ఇంట్ ఫ్రమ్ 0 టు ఇన్ఫ్’ అని మొదలుపెడుతుంది. ఈక్వల్స్ దాటాక ఒక ప్రశ్న: “రూట్ పై కిందనే టూ ఉండాల్నా సార్, రూట్ లోపల్నా?” గణితం రాని మనిషి అడిగిన ఈ ప్రశ్నకు సార్ ముఖం వెలుగుతుంది. “రూట్ బయట, బిడ్డా. పై ఒక్కటే లోపల.” అయితే ‘ఎస్‌క్యూఆర్‌టీ పై ఓవర్ 2’ అని కొడితే చాలు. రూట్ తన పక్కనున్న పై ఒక్కదాన్ని కప్పుకుంటుంది, ఓవర్ ఆ రెండింటినీ కలిపి 2 మీద ఎక్కిస్తుంది. పై అన్న గ్రీకు అక్షరం కోసం ఎక్కడా వెతకలేదు, పీ, ఐ అని కొట్టింది, అంతే.

ఖాళీలు చూడండి. ప్రతి మాటకూ అటూ ఇటూ స్పేస్ నొక్కుతోంది. ‘ఎక్స్ సప్ 2’ తర్వాత స్పేస్ మర్చిపోయి ప్లస్ వై అంటిస్తే, అదంతా ఘాతంలోకి ఎగిరిపోతుంది. ఈ స్పేసులేవీ కాగితం మీదికి రావు. అచ్చులో ఖాళీ కావాలంటే టిల్డా నొక్కాలి. ఈక్వల్స్‌కు రెండు వైపులా ఆమె టిల్డాలు పెట్టడం గమనించారా? అది ఎవరూ చెప్పింది కాదు, ప్రింటు చూసి తనే పట్టుకుంది.

కింద షాపులోంచి ఎవరో పిలుస్తారు. ఇంటర్ తెలుగు మీడియం అమ్మాయి ఒకతి, ఈ ప్రశ్నలు తెలుగులో ఉంటాయా అని అడిగి పోయిందట. సార్ జవాబు చెప్పలేక నోట్‌బుక్కు వైపు చూస్తారు. ఫార్ములా వరకు భాషతో పని లేదు. చుట్టూ ఉండే వాక్యాల దగ్గరే చిక్కు. తెలుగు గుణింతాలు, ఒత్తులు అతికించడం జీరాఫ్‌కు రాదు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో వర్గ సమీకరణం, సమాకలని, మాత్రిక అని చదివిన పిల్లలకు ఈ కాగితం సగమే అందుతుంది. ఈ లోటు నన్ను నిజంగా బాధపెడుతుంది. తెలుగు అచ్చు కావాలంటే జీలేటెక్ లాంటిదానికి మారాలి. మారితే ఓవర్ పోయి ఫ్రాక్ వస్తుంది, చెవి సుఖం పోతుంది. రెండూ కుదిరేలా ఎవరైనా చేస్తే ఈ గదిలో పని రెట్టింపవుతుంది.

ఇక మాట్రిక్సులు. “ఫస్ట్ రో, వన్ టూ త్రీ. సెకండ్ రో, ఫోర్ ఫైవ్ సిక్స్...”

అమ్మాయి చెయ్యి ఎత్తి ఆపుతుంది. ఈక్యూఎన్ మాట్రిక్సును నిలువు వరుసలుగా అడుగుతుంది: ‘సీకాల్’ అని, లోపల ఒకదాని మీద ఒకటి ‘ఎబవ్’తో పేర్చాలి. అడ్డంగా విన్నది అలాగే కొట్టుకుంటూ పోతే అడ్డం నిలువవుతుంది. ఇది ర్యాంకు ప్రశ్న కాబట్టి జవాబు మారదు, ట్రాన్స్‌పోజ్ చేసినా ర్యాంకు అదే. ఐగెన్ విలువలూ మారవు. ఐగెన్ వెక్టర్లు మాత్రం మారిపోతాయి, పక్క పేజీలో ఉన్నవి ఆ ప్రశ్నలే. పిల్లలు సరిగ్గా చేసినా వెనక ఇచ్చిన జవాబుతో సరిపోదు.

“నిలువుగ చెప్పుండ్రి సార్.”

సార్ పెన్సిల్‌ను మొదటి అంకె మీద పెట్టి కిందికి జరుపుతారు. “వన్, కింద ఫోర్, దాని కింద సెవెన్.” సీకాల్, ఫ్లవర్ బ్రాకెట్, 1 ఎబవ్ 4 ఎబవ్ 7. “అయింది సార్.” పెన్సిల్ పక్క వరుస మీదికి వెళ్తుంది. “టూ, ఫైవ్, ఎయిట్.”