మేత ఇంట్లో ఉన్న బండి

తెనాలి, బాపట్ల, రేపల్లె వీధుల్లో ఆకుపచ్చ నంబరు ప్లేటు వేసుకున్న విద్యుత్ కార్లు ఇప్పుడు వింతేమీ కాదు. ఉద్యోగ విరమణ చేశాక అలాంటి కారు కొంటానని ఎవరైనా అంటే మాత్రం ఇంట్లోనూ బయటా ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: ఈ వయసులో కొత్త అలవాట్లు ఎందుకు? రాత్రి గుర్తుపెట్టుకుని ప్లగ్గు పెట్టాలి, వెళ్లాల్సిన దూరం ముందే లెక్క చూసుకోవాలి, దారిలో అయిపోతే ఏం చేయాలో ఆలోచించుకోవాలి. ఇదంతా కుర్రవాళ్లకు సరే గాని పెద్దవాళ్లకు కుదిరే పని కాదని చాలామంది నమ్మకం. ఈ మూడు ఊళ్ల రవాణా చరిత్ర తిరగేస్తే ఆ నమ్మకం నిలవదు. బండికి కావలసిన సత్తువ ఇంటి దగ్గరే కూడబెట్టుకోవడం, దూరాన్ని బట్టి ప్రయాణం కట్టుకోవడం, ముందురోజే సిద్ధపడటం కృష్ణా డెల్టాలో తరతరాల పద్ధతి. దారిలో ఎక్కడ పడితే అక్కడ ఆగి ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకోవడమే మధ్యలో వచ్చిన అలవాటు. మామూలు కుటుంబాలకు అది అబ్బి యాభై, అరవై ఏళ్లకు మించలేదు.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పనిని కెప్టెన్ ఓర్ దగ్గరుండి చేయించాడు. ఆ కాలువలు పొలానికి నీళ్లతో పాటు ఊళ్లకు దారులు కూడా ఇచ్చాయి. సీతానగరం నుంచి పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు సాగే కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసు దాకా పడవల బాట అయింది. తెనాలికి ఆంధ్రా పారిస్ అన్న పేరు తెచ్చిపెట్టింది కూడా ఊరి మధ్య నుంచి పారే కాలువలే. ఆ బాటలో ప్రయాణానికి కట్టుబాట్లు ఉండేవి. దుగ్గిరాల లాంటి చోట లాకుల దగ్గర పడవ ఆగి, కింది నీటిమట్టం పై మట్టంతో సమమయ్యే దాకా కాచుకోవాలి. గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో లాగుతారు. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తే పడవ కదలదు. మళ్లీ కాలువ వదిలే దాకా బరువు సరుకు తరలించేవాళ్లు ఆగాల్సిందే. దీన్ని ఎవరూ పడవ లోపంగా చూడలేదు. కాలువ కట్టే నెలలను లెక్కలో పెట్టుకునే ధాన్యం వ్యాపారమూ పెళ్లి ప్రయాణాలూ నడిచాయి.

గట్టు దిగితే ఎడ్లబండి. దాని ఇంధనం ఊరు దాటి రాలేదు. వరి కోతకు వస్తుండగానే చేలో జనుమో పిల్లిపెసరో చల్లేవారు. కోత అయ్యాక మిగిలిన పదునుతో అది పెరిగి పశువుల మేత అయ్యేది. నూర్చిన గడ్డి దొడ్లో వాముగా లేచేది. ఆ వాము ఎత్తు చూసి ఏడాది ఎలా గడుస్తుందో రైతు అంచనా వేసేవాడు. మర్నాడు దూరం వెళ్లాలంటే ముందురాత్రి ఎడ్లకు మేత వేయాలి, తెల్లవారుజామున చిట్టూ తవుడూ కలిపిన కుడితి పెట్టాలి, చక్రం ఇరుసుకు కందెన రాయాలి. ఎడ్లు ఎంత దూరం నడిస్తే అలుస్తాయో, ఏ చెరువు దగ్గర నీళ్లు పెట్టాలో, ఏ చెట్టు కింద కాడి దించాలో బండి తోలేవాడికి ముందే తెలుసు. అంటే బండి ఎంత దూరం పోతుందన్నది ఆనాడు ప్రతి ప్రయాణానికీ మొదటి లెక్క. ఇవాళ విద్యుత్ కారు కొన్నవాళ్లు డాష్‌బోర్డు మీద మిగిలిన కిలోమీటర్ల అంకె చూసి కంగారు పడుతున్నారంటే, అది కొత్త భయమేమీ కాదు. రెండు తరాలుగా మనం వాడకుండా వదిలేసిన లెక్క తిరిగొచ్చింది, అంతే.

రైలు వచ్చినా ఆ క్రమశిక్షణ పోలేదు, దాని రూపం మారింది. 1899లో బెజవాడకూ మద్రాసుకూ రైలు దారి కుదిరాక తెనాలి, బాపట్ల పెద్ద లైను మీది ఊళ్లయ్యాయి. 1916లో గుంటూరు, రేపల్లె లైను పడటంతో తెనాలి జంక్షన్ అయింది. తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్ల ఆ కొసలైను మీద జనం తమ పొద్దును రైలు వేళకు అమర్చుకున్నారు. తర్వాత బస్సులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు ఆ బస్సులే బొగ్గు మీద నడిచాయి. బస్సు వెనక నిలువుగా ఒక ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గు నింపి నిప్పు రాజేసేవారు. క్లీనరు చేతిచక్రం తిప్పుతూ గాలి కొడితే, గ్యాసు పుట్టి ఇంజను అందుకునే సరికి చాలాసేపు పట్టేది. జనం ఆ వేళకు కూడా అలవాటు పడ్డారు. ఇంధనం మారినప్పుడల్లా ఆగే చోటూ, ఆగే సమయమూ, బయల్దేరే ముందు చేయాల్సిన పనీ మారాయి. ఇక్కడి మనుషులు కొద్ది నెలల్లో సర్దుకున్నారు.

పెట్రోలు యుగం మధ్యతరగతి ఇంటి గడప తొక్కింది మాత్రం చాలా ఆలస్యంగా. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన స్కూటరు అది. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. అంటే ఇవాళ పింఛను తీసుకుంటున్న టీచరో బ్యాంకు ఉద్యోగో పుట్టింది 1950లు, 60లలో. కాలువల్లో పడవల చివరి రోజులు, దొడ్లో గడ్డివాములు, కిరోసిన్ లాంతరు పక్కన కొత్తగా వెలిగిన కరెంటు బల్బు ఆ తరం బాల్యంలోనివి. పెట్రోలు బంకుకు వెళ్లే అలవాటు వాళ్లకు నడివయసులో వచ్చింది. కాబట్టి మార్పుకు ఈ తరం పనికిరాదనడం తిరగేసిన లెక్క. ఇన్ని మార్పులు చూసిన తరం వీళ్లకు ముందు లేదు, బహుశా తర్వాత కూడా ఉండదు.

ఇప్పటి సర్దుబాటు ఎంతో అంకెల్లో చూద్దాం. ఈ మూడు ఊళ్లలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా దూరం యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. చిన్న విద్యుత్ కారు ఒక యూనిట్‌కు సుమారు ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లి రావడానికి పది యూనిట్లు సరిపోతాయి. ఇంట్లో ఏసీకి వాడే 15 ఆంపియర్ల సాకెట్ గంటకు మూడు యూనిట్లకు పైగా ఎక్కిస్తుంది కనుక, ఆ పది యూనిట్లు ఎక్కడానికి మూడు గంటల పైచిలుకు చాలు. 24 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినా రాత్రి పెట్టి పొద్దున తీయవచ్చు. అసలు శ్రమంతా మొదటి నెలలో ఇంటి వైరింగు దగ్గరే. పాతకాలపు సన్న తీగ గంటల తరబడి అంత లోడు మోయలేదు. మీటరు నుంచి విడిగా మందపాటి తీగ లాగించాలి, కాంట్రాక్టెడ్ లోడు పెంచమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టాలి, ఉప్పూ బొగ్గూ పోసి మంచి ఎర్త్ వేయించాలి. సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలికి సాకెట్ పిన్నులు త్వరగా తుప్పు పడతాయి కనుక అప్పుడప్పుడు చూసుకోవాలి. ఇవి అయిపోయాక మిగిలేది సాయంత్రం ఒక్క నిమిషం పని. క్లచ్చు, గేరు లేకపోవడం మోకాళ్ల నొప్పులున్నవారికి మేలే. యాభై అయిదు దాటాక లైసెన్సును ఐదేళ్లకోసారి డాక్టరు సర్టిఫికెట్‌తో కొత్తది చేయించుకోవడం ఏ కారుకైనా తప్పదు.

మొదటి అభ్యంతరం డబ్బుది, అది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. విద్యుత్ కారు మీద జీఎస్టీని 2019 ఆగస్టు నుంచి 5 శాతానికి తగ్గించినా, అదే పరిమాణంలోని పెట్రోలు కారు కంటే దాని ధర ఎక్కువే. రోజూ తిరిగేవారికి ఆ తేడా ఇంధనం ఖర్చులో పూడుతుంది. బజారుకూ గుడికీ బంధువుల ఇంటికీ మాత్రమే తిరిగే పెద్దవారికి ఎన్నేళ్లయినా పూడకపోవచ్చు. పొదుపు కోసమే కొనేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలను చూడటానికి హైదరాబాదు వెళ్లాలంటే దాదాపు మూడు వందల కిలోమీటర్లు, చిన్న బ్యాటరీతో అది ఆగి ఆగి వెళ్లే ప్రయాణం. అయితే తెనాలి నుంచి అంత దూరం వెళ్లాలనుకున్న పెద్దవారు రైలెక్కడం నూరేళ్లుగా ఉన్నదే. ఎడ్లబండి మీద మద్రాసు వెళ్లాలని ఎవరూ పట్టుబట్టలేదు. దగ్గరికి బండి, దూరానికి రైలు అన్న పాత పంపకమే ఇప్పటికీ తెలివైనది. ఏడాదికి నాలుగు దూర ప్రయాణాల కోసం మిగిలిన మూడు వందల అరవై రోజులకు అక్కరలేనంత పెద్ద బ్యాటరీని మోసుకు తిరగడం అనవసరం.

రెండో అభ్యంతరం, కరెంటు బొగ్గుదే కదా అన్నది. నిజమే. 1979లో మొదటి యూనిట్ నడిచిన విజయవాడ థర్మల్ కేంద్రం ఇప్పటికీ బొగ్గు మండిస్తోంది. పొగ తెనాలి వీధి నుంచి ఆ కేంద్రం ఉన్న ఇబ్రహీంపట్నానికి మారిందని ఎగతాళి చేసేవారి మాటలో పస ఉంది. ఇక్కడే విరమణ జీవితం ఒక తేడా తెస్తుంది. ఉద్యోగి కారు ఎండ కాసే వేళ ఆఫీసు దగ్గర ఉంటుంది, పింఛనుదారు కారు ఇంట్లోనే ఉంటుంది. డాబా మీద ఒక కిలోవాట్ సౌర పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది. ఆ మూడు కిలోవాట్ల పలకలు ఎండ బాగా కాసిన రోజున రేపల్లె వెళ్లి రావడానికి సరిపడా కరెంటు ఇచ్చి ఇంకాస్త మిగులుస్తాయి. పిల్లిపెసర చల్లిన చేను తర్వాత బండి మేత మళ్లీ ఇంటి ఆవరణలో పండటం ఇదే మొదటిసారి. ఇక తుపాను సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెనను ఈ తీరం మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కరెంటు రోజుల తరబడి పోతే కారు కదలదన్నది నిజమే. కాని తుపాను హెచ్చరిక ఇప్పుడు రోజుల ముందే వస్తుంది, ఆ వేళకు బ్యాటరీ నింపుకుంటే చాలా రోజుల స్థానిక అవసరం తీరుతుంది. పెట్రోలు బంకు పంపు తిరగడానికి కూడా కరెంటో జనరేటరో కావాలి. వరద భయం ఉన్న లంక గ్రామాల వాళ్లు మాత్రం కారును మెరక మీద పెట్టి, నీళ్లు తీసి అంతా ఆరే దాకా ప్లగ్గు జోలికి పోకూడదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. పాత రోజులను ఇలా పొగిడితే ఎడ్లబండి ఎవరి దగ్గర ఉండేదో మరిచిపోయినట్టవుతుందని ఎవరైనా అనవచ్చు. పొలమున్న రైతుకు బండి, కూలీకి కాలినడక. గట్టు మీద పడవ తాడు లాగినవాడి భుజం సంగతి ఎవరూ రాయలేదు. ఇవాళ కూడా సొంత ఇల్లు, సొంత డాబా, కారు పెట్టుకునే చోటు ఉన్న పింఛనుదారుకే ఈ సౌకర్యం. అపార్టుమెంటులో పార్కింగు లేనివారికి, తెనాలి ఇరుకు సందుల్లో అద్దెకున్నవారికి లేదు. ప్రపంచ అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1900 నాటికి అమెరికాలో కార్లలో మూడో వంతు దాకా విద్యుత్తువే. హ్యాండిల్ తిప్పి ఇంజను రాజేసే బాధ లేదని డాక్టర్లూ స్త్రీలూ వాటిని ఇష్టపడ్డారు. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా కూడా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే నడిపింది. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది, ఫోర్డ్ కార్ల ధర పడిపోయింది. పల్లెల్లో కరెంటు లేని ఆ దేశంలో విద్యుత్ కారు పట్టణంలోని సంపన్నుల ఇళ్లకే పరిమితమై మాయమైంది. బండి మంచిదైనంత మాత్రాన నిలవదు, దాని మేత అందరికీ అందాలి.

డెల్టా చరిత్రలో నిలిచిన మార్పులను వరసగా చూస్తే ఇదే రుజువవుతుంది. కాలువ, లాకు, రైలు స్టేషను, 1958లో ఏర్పడిన ఆర్టీసీ, ఇవన్నీ అందరి సొమ్ముతో అందరి కోసం కట్టినవి. అందుకే కొత్త ప్రయాణానికి అలవాటు పడే భారం ఒక్కో ఇంటి మీదా విడివిడిగా పడలేదు. విద్యుత్ బండి విషయంలో ఆ భారాన్ని ఇప్పుడు ఒక్కో పింఛనుదారు తన జేబుతో, తన ఎలక్ట్రీషియనుతో మోస్తున్నాడు. వాళ్లు సర్దుకోగలరు, సర్దుకుంటున్నారు కూడా. కాని మునిసిపల్ మార్కెట్ దగ్గరా, స్టేషను బయటా, బాపట్ల ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనూ నమ్మకంగా పనిచేసే చార్జింగు పాయింట్లు పడాలి. తిరుపతి, తిరుమల మధ్య 2022లో వచ్చిన విద్యుత్ బస్సుల్లాంటివి తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్ల మీదా తిరగాలి. అప్పటిదాకా దీన్ని డెల్టా రవాణాలో వచ్చిన మార్పుగా లెక్కించలేం. కొన్ని ఇళ్లకు దక్కిన సౌకర్యంగానే చూడాలి.