మలయా భాష మహాభాష యైన చరిత్ర

ప్రపంచమున అధికసంఖ్యాకులు మాటలాడు భాషలను లెక్కించునపుడు రెండు పద్దులు వ్రాయవలసి యుండును. తల్లి ఒడిలో నేర్చినవారి పద్దు ఒకటి. అవసరము కొలది పిదప నేర్చినవారి పద్దు వేరొకటి. మొదటి పద్దున చీనాదేశపు మాండరిను భాషకు సాటి లేదు. రెండును కూడినచో ఆంగ్లమునకే అగ్రస్థానము. ఆంగ్లము నెరిగిన సుమారు 150 కోట్ల జనులలో అది మాతృభాషగా గలవారు 40 కోట్లకు లోపే. ఈ భేదమును చక్కగా తెలుపు చరిత్ర ఇండొనీషియా దేశమున కలదు.

మలయా భాష సుమత్రా ద్వీపమునకును మలక్కా జలసంధి తీరములకును చెందినది. క్రీ. శ. 683 నాటి కెడుకాన్ బుకిత్ శాసనము ఈ భాష యొక్క ప్రాచీనరూపమున, దక్షిణభారతపు పల్లవలిపిలో చెక్కబడినది. ఆ జనులు భాషను 'బహాస' యనియు, రాజ్యమును 'నెగర' యనియు, గ్రంథాలయమును 'పెర్పుస్తకాన్' అనియు నేటికిని పలుకుచున్నారు. రేవులలో బేరసారములకు అరబ్బులు, చీనీయులు, తమిళులు ఈ భాషనే వాడిరి.

జావా భాష మాటలాడువారు వీరికంటె ఎన్నో రెట్లు అధికులు. 1157లోనే భారతయుద్ధకథను కావ్యముగా రచించుకొనిన సాహిత్యసంపద వారిది. అయినను 1928 అక్టోబరు 28వ తేదీన బటావియా నగరమున కూడిన యువజన మహాసభ, మలయా భాషనే 'ఇండొనీషియా భాష' యను పేర ఐక్యభాషగా అంగీకరించెను. ఏలయన, జావా భాషలో ఎదుటివాని హోదాను బట్టి మాటలే మారిపోవును, పరులకది దుర్గ్రహము. మలయా యన్ననో, ఏ పెద్దవర్గపు సొత్తును కాదు. ప్రతి రేవునను పరిచితము.

ఈ వ్యాప్తికి గ్రంథాలయములును తోడ్పడినవి. డచ్చి ప్రభుత్వము 1917లో 'బలై పుస్తక' సంస్థను నెలకొల్పి, పాఠశాలలలో పుస్తక భాండాగారములు తెరపించెను. ప్రజలు రాజద్రోహ రచనలు చదువకుండుటయే దొరల తలంపు. కాని 1922లో వెలువడిన మారా రుస్లి నవల 'సిత్తి నుర్బయ' వంటి గ్రంథములవలన ఆ భాషయే బలపడి, తుదకు వారి యధికారమునకే ఎదురు నిలిచెను. 1945 నాటి రాజ్యాంగమున అది రాజభాష యయ్యెను. నేడు దానిని మాటలాడువారు 20 కోట్లకు పైబడినారు.

లాభము వ్రాసిన చేతితో నష్టమును వ్రాయవలెను. ఆ దేశమున 700లకు పైగా భాషలు గలవు. వానిలో పెక్కు క్షీణించుచున్నవి. ఏడెనిమిది కోట్లమంది గల జావా భాషకు సైతము పట్టణములలో పిల్లల నోట చోటు తగ్గుచున్నది. 2011 జనగణన ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. రెండు సంఖ్యలును ఇంచుమించు సమానములే. కావున సంఖ్య చాలునని నిశ్చింతగా నుండరాదు. ఇంట పలుకబడి, బడిలో బోధింపబడి, గ్రంథాలయమున చదువబడినంత కాలమే ఏ భాషయైనను జీవించును.