మద్రాసు కార్పొరేషన్‌కు ముప్పై రెండేళ్లు పట్టింది

1964లో చిన్నీ కృష్ణ అనే యువకుడు మద్రాసు కార్పొరేషన్‌ను ఒక ప్రశ్న అడిగాడు. నగరంలో వీధికుక్కల్ని పట్టి చంపడం 1860 నుంచీ సాగుతోంది కదా, వందేళ్లు దాటినా కుక్కలు తగ్గలేదేం? లెక్కలు తిరగేస్తే తేలింది ఒకటే. చంపే కుక్కల సంఖ్య ఏటేటా పెరుగుతూ వచ్చింది. వీధిలో కుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ అబ్బాయి ఇంట్లో కుక్కల గొడవ అప్పటికే మొదలైంది. తండ్రి కెప్టెన్ సుందరం, తల్లి ఉషా సుందరం ఇద్దరూ పైలట్లు. 1951లో ఇంగ్లండు నుంచి బొంబాయికి డవ్ విమానాన్ని 27 గంటల్లో నడుపుకొచ్చి రికార్డు సృష్టించిన దంపతులు వాళ్లు. 1959 వానల్లో నీళ్లలో కొట్టుకుపోతున్న కుక్కపిల్లల్ని సుందరం ఇంటికి తీసుకొచ్చారు. టి.నగర్‌లోని ఆ ఇంట్లోనే బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. చంపొద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పట్టుకొచ్చిన వీధిలోనే వదిలేద్దాం అన్నది 1964లో ఆ సంస్థ ముందుకు తెచ్చిన పథకం. దానికి యానిమల్ బర్త్ కంట్రోల్ అని పేరు పెట్టారు. ఇవాళ మన మున్సిపల్ ఆఫీసుల్లో అందరి నోటా వినబడే ఏబీసీ అదే.

కార్పొరేషన్ ఒప్పుకోలేదు. బ్లూ క్రాస్ తన చేతనైనన్ని ఆపరేషన్లు చేసుకుంటూ పోయింది, కార్పొరేషన్ చంపుకుంటూ పోయింది. డెబ్బయ్యో దశకానికి చచ్చిన కుక్కల చర్మాలు ఎన్ని పోగుపడ్డాయంటే, వాటితో నెక్‌టైలు, పర్సులు చేయించవచ్చా అని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నమూనాలు తయారు చేసింది. 1996 నాటికి రోజుకు 135 కుక్కల్ని చంపుతున్నారు. ఆ లెక్కన ఏడాదికి 49 వేల పైమాటే. కుక్కల బండి సిబ్బందికి జీతాలున్నాయి, కుక్కల్ని చంపే కరెంటుకు పద్దు ఉంది, ప్రతి బడ్జెట్‌లోనూ దానికో వరస ఉంది. చంపడం చవక అని ఎవరైనా అంటే నాకు ఈ 136 ఏళ్ల బిల్లే గుర్తొస్తుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది చవగ్గానే కనబడుతుంది. పని మాత్రం ఎప్పటికీ పూర్తికాదు.

ఎందుకు పూర్తికాదో ఇప్పుడు మనకు బాగానే తెలుసు. వీధిలో ఎన్ని కుక్కలు బతకాలో నిర్ణయించేది అక్కడ దొరికే తిండి. హోటల్ వెనక ఎంగిలాకులు, మాంసం కొట్టు దగ్గర వ్యర్థాలు, నిండి పొర్లే చెత్తకుండీ ఉన్నన్నాళ్లూ, పది కుక్కల్ని ఎత్తుకుపోతే ఆ తిండి మిగిలినవాటికి దక్కుతుంది. మామూలుగా చచ్చిపోయే పిల్లలు బతికి బట్టకడతాయి, పక్క వీధివి వచ్చి చేరతాయి. కుక్కల్ని తొలగించినంత మాత్రాన సంఖ్య గానీ రేబిస్ గానీ చెప్పుకోదగ్గంత తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 1992లో తేల్చి చెప్పింది. పైగా టీకా వేసిన కుక్కను చంపితే ఆ టీకా డబ్బూ దానితోనే పోతుంది.

1996లో మద్రాసు కార్పొరేషన్ చివరికి పద్ధతి మార్చుకుంది.

ఆపరేషన్ గురించి కొంచెం చెప్పాలి. ముందు రాత్రి నుంచి కుక్కకు తిండి పెట్టరు. మత్తిచ్చి, వెంట్రుకలు గొరిగి, పొట్ట మీదో డొక్కలోనో చిన్న కోత పెడతారు. చేయి తిరిగిన పశువైద్యుడు వేలితోనో కొక్కెంతోనో అండాశయాన్ని పైకి తెచ్చి, రక్తనాళాన్ని ముడివేసి, గర్భసంచితో సహా తీసేస్తాడు. కోత ఎంత చిన్నదైతే అంత త్వరగా మానుతుంది. గూట్లో ఉంచే రోజులూ, వాటితోపాటు ఖర్చూ తగ్గుతాయి. మగ కుక్కకు వృషణాలు తీసేయడం ఇంకా తేలిక. అదే మత్తులో చెవి కొన కాస్త కత్తిరిస్తారు, దూరం నుంచి చూసినా ఆపరేషన్ అయిందని తెలియడానికి. రేబిస్ టీకా వేస్తారు.

ఇది పనిచేస్తుందనడానికి బలమైన రుజువు జైపూర్ నుంచి వచ్చింది. హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ అక్కడ 1994 నవంబరు నుంచి 2002 డిసెంబరు దాకా 24,986 కుక్కలకు ఆపరేషన్, టీకా చేసింది. ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ అయ్యేసరికి కుక్కల సంఖ్య 28 శాతం పడిపోయింది. ఆ ప్రాంతంలో మనుషులకు రేబిస్ రావడం ఆగిపోయింది. నన్ను ఆకట్టుకునేది ఆ ఎనిమిదేళ్ల పట్టుదల. ఒక వీధిలో పదింట మూడింటికి చేసి చేతులు దులుపుకుంటే మిగిలిన ఏడూ ఈని ఆ ఖాళీ పూడ్చేస్తాయి.

2001లో కేంద్రం ఈ ఏబీసీ పద్ధతిని దేశమంతటికీ నిబంధనగా చేసింది. 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లో పిల్లులనూ చేర్చారు. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో మొదలైన జంతు సంరక్షణ సంస్థ వి.ఎస్.పి.సి.ఎ. ఈ నిబంధనలకన్నా ముందు నుంచే ఉన్నాయి. అయినా 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు కరిచి చంపేశాయి. ఆ తల్లిదండ్రుల ముందు జైపూర్ శాతాలు వల్లిస్తే ఏం లాభం? ఆ కోపం న్యాయమైనది. అందుకే ఈ పనిని మొక్కుబడిగా చేయకూడదంటాను.

మొక్కుబడి ఎక్కడ మొదలవుతుందో ధరలో కనబడుతుంది. కేంద్రం ఒకప్పుడు కుక్కకు 445 రూపాయలిచ్చేది. అందులో 75 పట్టి తెచ్చి తిరిగి వదలడానికి, మిగతా 370 మందులకు, ఆపరేషన్ ముందూ వెనకా సంరక్షణకు. తర్వాత జంతు సంక్షేమ మండలి కుక్కకు 1,650 రూపాయలు సరైన ధర అంది. అంతకన్నా బాగా తక్కువకు టెండరు వేసినవాడు ఎక్కడో కోత పెట్టక తప్పదు. మత్తుమందులోనో, కుట్లు మానేదాకా గూట్లో ఉంచాల్సిన రోజుల్లోనో. అందుబాటు ధర అంటే బీదవాడి పెంపుడు కుక్కకూ, వీధికుక్కకూ యజమాని జేబుతో నిమిత్తం లేకుండా ఆపరేషన్ జరగడం. డాక్టరుకు గిట్టని ధర అందుబాటు ధర కాదు.

ధరతోపాటు కాలమూ చూసుకోవాలి. కుక్కలు ఎదకొచ్చే కాలం సంగతి మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. చిత్తకార్తెలో, అంటే అక్టోబరు మధ్యలో, కుక్కలు గుంపులు కడతాయి. జైపూర్ పరిశోధకులు చూసినప్పుడూ చూలు కుక్కలు నవంబరులో అత్యధికం, మే నెలలో అత్యల్పం. చూలు రెండు నెలలు గనక సంక్రాంతికల్లా వీధినిండా పిల్లలు. కాబట్టి ఆడకుక్కల ఆపరేషన్లలో ఎక్కువభాగం వేసవి నుంచి దసరా లోపు జరగాలి. ఏప్రిల్‌లో బడ్జెట్ మంజూరై, టెండర్లు తేలి, బండి వీధిలోకి వచ్చేసరికి చిత్తకార్తె దాటితే ఆ ఏటి ఈతను ఆపలేరు. మున్సిపల్ కమిషనర్లు టెండరు తేదీ వేసేముందు పంచాంగం ఒకసారి తిరగేస్తే చాలు.