పాడుబడ్డ రాజధానీ, ఫొటోకు దొరకని ఊరూ

1565లో తళ్ళికోట దగ్గర విజయనగరం ఓడాక తిరుమలరాయలు రాజధాని హంపీని వదిలి పెనుకొండ చేరాడు. 1590లలో రాజధాని అక్కడినుంచి చంద్రగిరికి మారింది. అంటే పెనుకొండా విడిచిపెట్టిన రాజధానే. అయినా శిథిలాల ఫొటోల చరిత్రలో హంపీ ముందుంది, పెనుకొండ ఎక్కడో వెనక.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి మైనం పట్టించిన కాగితం నెగెటివ్‌ల మీద హంపీని తీశాడు. ఆ కాగితం మీద బొమ్మ పడాలంటే కెమెరా కదలకుండా నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. ఆలోగా కెమెరా ముందునుంచి మనిషి నడిచిపోయినా, మేకలమంద పోయినా ఆనవాలు మిగలదు. హంపీ అంత నిర్మానుష్యంగా కనబడడంలో ఆ కాగితానికి పట్టించిన రసాయనాల వాటా కూడా ఉందని నా అనుమానం. నూరేళ్ళు దాటాక, 1980లలో, ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్ళీ తీశాడు.

గ్రీన్‌లా తర్వాత గాజు పలకల రోజులు. మందు పూసిన పలక ఆరేలోగా ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. చీకటి గుడారం, సీసాలు, నీళ్ళు మోసుకు తిరగాలి. 1860ల చివర్లో కెప్టెన్ లయన్ మద్రాసు ప్రభుత్వం కోసం దక్షిణాది గుళ్ళను తీస్తూ తాడిపత్రి దాకా వచ్చాడు. తాడిపత్రి గుళ్ళు నేలమీద ఉన్నవి. పెనుకొండ కొండమీదికి ఆ సరంజామా ఎక్కించడం వేరే సంగతి. 1890ల తొలినాళ్ళలో గుంతకల్లు–బెంగళూరు మీటర్‌గేజి రైలుదారి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పడింది. అప్పటికే, అక్కడికక్కడే కడగనక్కర్లేని పొడి పలకలూ వచ్చాయి.

కానీ ఎత్తు ఒక్కటే అడ్డం కాదు. కొండమీది కోట ఖాళీ అయినా కింది ఊరు ఎన్నడూ ఖాళీ కాలేదు. బాబయ్య దర్గాకు జనం వస్తూనే ఉన్నారు. కమాన్ల మేడమీద గుడి శిఖరంలాంటి గోపురం పెట్టుకున్న గగనమహల్ చుట్టూ ఇళ్ళూ బజారూ ఉన్నాయి. నిర్జనమైన నగరం కోసం వచ్చినవాడికి ఇక్కడ ఫ్రేములో ఎవరో ఒకరు తగులుతారు.

ఇప్పుడు ఆదివారాలు సెల్‌ఫోన్లతో కొండెక్కే కుర్రాళ్ళదీ అదే బాధ. కూలిన బురుజు కావాలి, కరెంటు తీగ వద్దు. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీ అసలే వద్దు. నాకైతే బురుజూ తీగా కలిసిన ఫొటోయే పెనుకొండదనిపిస్తుంది. తీగ తీసేస్తే అది ఏ కోటైనా కావచ్చు.