చదవని పుస్తకానికి సాష్టాంగం

మా బీరువాలో సగం చదివి వదిలేసిన పుస్తకాలు పదిహేడున్నాయి. మొన్న దుమ్ము దులుపుతూ లెక్కపెట్టాను. అందులో ఒకటి నాది కాదు. చిన్ననాటి స్నేహితుడొకడు, వాళ్ళ నాన్నగారు పోయిన ఏడాది, "నాన్న గీతలు గీసుకుంటూ చదివిన పుస్తకంరా. చదివి ఎలా ఉందో చెప్పు" అని నా చేతిలో పెట్టాడు. ఆర్నెల్ల తర్వాత అడిగాడు. "చాలా బాగుందిరా" అన్నాను. 40వ పేజీలో నేను పెట్టిన బస్సు టిక్కెట్టు ఇంకా అక్కడే ఉంది.

ఆ రోజు విభూతి బుధవారం. పక్కింటివారమ్మాయి నుదుట బూడిదతో శిలువ గుర్తు పెట్టించుకుని గుడి నుంచి వస్తోంది. చేతిలో చిన్న పుస్తకం. "తపస్సుకాలం కదా బాబాయిగారూ, ఈస్టరు దాకా రోజుకో పేజీ చదువుకోవాలి" అంది. ఉపవాసం ఉంటారనీ, శుక్రవారాలు మాంసం ముట్టరనీ తెలుసుగాని, పుస్తకం చదవడం కూడా వ్రతంలో భాగమని నాకు తోచలేదు. ఈ అలవాటు ఎక్కడ పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే 6వ శతాబ్దపు ఇటలీలో తేలాను.

రోముకి దక్షిణంగా మోంటె కాసినో అనే కొండమీద బెనెడిక్టు అనే ఆయన మఠం కట్టి, తన సన్న్యాసులకోసం ఒక నియమావళి రాశాడు. అందులో 48వ అధ్యాయం రోజువారీ పనిని గురించి. తపస్సుకాలం వచ్చేసరికి చదువుకి పొద్దుటిపూట కొంత వేళ పెంచాడాయన. ఆ కాలం మొదట్లో ఒక్కొక్కరికీ ఒక పుస్తకం ఇవ్వాలి, దాన్ని మొదటినుంచి చివరిదాకా వరసగా చదవాలి అని విధించాడు. పుటలు దాటెయ్యడానికి వీల్లేదన్నమాట. ఇచ్చే చోటుకి ఆయన వాడిన మాట 'బిబ్లియోతెకా'. ఆ మాటకి అప్పట్లో బైబిలు అనే అర్థం కూడా ఉండేది. అంచేత అవి బైబిలు భాగాలే అయి ఉంటాయని కొందరు పండితుల వాదన.

నాలాంటివాళ్ళు అక్కడా ఉండేవారని బెనెడిక్టుకి బాగా తెలుసు. చదువు వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, పుస్తకం పక్కన పెట్టి కబుర్లలో పడ్డవాడెవడో చూడాలన్నాడు. ఒకటి రెండుసార్లు మందలింపు, ఆపైన అందరికీ బుద్ధి వచ్చేలా శిక్ష. ఇంకోచోట ఆయన, మధ్యాహ్నం విశ్రాంతి వేళ చదువుకోదలచినవాడు పక్కవాడికి ఇబ్బంది లేకుండా చదువుకోవాలంటాడు. అంటే ఆ రోజుల్లో ఒంటరిగా చదువుకున్నా పైకే చదివేవారు! పడుకున్నవాళ్ళ అవస్థ ఊహించుకోండి.

పుస్తకం అంటే అప్పుడు కాగితం కాదు, గొర్రెతోలో దూడతోలో. ఒక్కొక్క అక్షరం చేత్తో రాయాలి. సన్న్యాసికి సొంతమంటూ పుస్తకం గాని, రాసుకునే పలక గాని, గంటం గాని ఉండకూడదని నియమం. కాబట్టి చేతికొచ్చిన పుస్తకం ఎప్పుడూ అరువుదే.

అసలు కథ ఆ తర్వాత అయిదు వందల ఏళ్ళకి, ఇంగ్లండులో. 1070లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన లాన్‌ఫ్రాంక్ ఇటలీవాడు, మహా పండితుడు. ఆయన తన మఠానికి రాసిన కట్టడిలో ఈ పుస్తకాల పంపకం ఒక పెద్ద తంతు. తపస్సుకాలపు మొదటి ఆదివారం మర్నాడు సభామందిరంలో తివాచీ పరచి పుస్తకాలన్నీ పేర్చాలి. నిరుడు తీసుకున్న పుస్తకాలు పట్టుకుని సన్న్యాసులు వస్తారు. పుస్తక భాండారి చిట్టా విప్పి, ఎవరెవరు ఏ పుస్తకం తీసుకున్నదీ చదువుతాడు. పేరు వినపడగానే లేచి పుస్తకం అప్పజెప్పాలి. పూర్తిగా చదవలేదని మనసుకి తెలిసినవాడు అందరి ఎదుటా సాష్టాంగపడి, తప్పు ఒప్పుకుని క్షమాపణ అడగాలి. తరవాత కొత్త పుస్తకం ఇస్తారు, అదీ చిట్టాకెక్కుతుంది. మళ్ళీ ఏడాది దాకా అదే.

నన్ను ఆపింది సాష్టాంగం కాదు. పరీక్ష పెట్టమని ఆయన ఎక్కడా అనలేదు. ఏం అర్థమైందని అడగరు, అప్పజెప్పమనరు. చదివావా లేదా అన్నది నీకే తెలియాలి, నువ్వే చెప్పాలి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామంటే అడ్డేమీ లేదు. అయినా అలా లేచి నేలమీద బోర్లా పడ్డవాళ్ళు ఎందరో ఉండే ఉంటారు.

పుస్తకం ఎంచుకునే హక్కు ఉన్నట్టు కనపడదు. ఫ్రాన్సులో క్లూనీ మఠంవారి 11వ శతాబ్దపు చిట్టా ఒకటి మిగిలింది. అంతా వ్యాఖ్యానాలూ పుణ్యపురుషుల చరిత్రలూ. మధ్యలో ఒకాయన వంతుకి లీవీ రాసిన రోము చరిత్ర వచ్చింది! ఆయన మురిసిపోయాడో, ఈ రాజుల యుద్ధాలు నాకెందుకని నిట్టూర్చాడో.

మోంటె కాసినో ఏమైందంటారా? 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల బాంబర్లు దాన్ని నేలమట్టం చేశాయి. విభూతి బుధవారం ఇంకా ఎనిమిది రోజులుంది. అయితే 1943 చివరి నెలల్లోనే అక్కడి గ్రంథాలను, రాతప్రతులను లారీలకెక్కించి రోముకి చేరవేశారు. చేరవేయించింది ఇద్దరు జర్మను అధికారులు. మఠం తిరిగి కట్టారు, 1964లో ఆరవ పౌలు పోపు దాన్ని ప్రతిష్ఠించాడు. తపస్సుకాలంలో పుస్తకం తీసుకునే ఆచారం చాలా బెనెడిక్టు మఠాల్లో ఇప్పటికీ ఉంది.

నేను స్నేహితుడి పుస్తకం 40వ పేజీ నుంచి కాక మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. వాళ్ళ నాన్నగారి పెన్సిలు గీతలు 58వ పేజీలో మొదలయ్యాయి.