పుర్రె తెరవని చికిత్స

పత్తి, మిరప పండే పర్చూరు ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. 2022లో బాపట్ల జిల్లాలో చేరినా, పెద్ద జబ్బు చేస్తే గుంటూరు వెళ్లే అలవాటు పాతదే. లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆస్పత్రి, 1946లో మొదలైన వైద్య కళాశాల ఆ అలవాటును బలపరిచాయి. మెదడు వైద్యం మాత్రం చాలాకాలం దూరాభారమే: దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని జాకబ్ చాండీ 1949లో వెల్లూరులో నెలకొల్పగా, ఆంధ్రలో సుంకర బాలపరమేశ్వరరావు 1950ల దశకంలో విశాఖపట్నంలో ఆ విద్యకు నాంది పలికారు. ప్రాణం నిలిపే వైద్యం ఇలా క్రమంగా చేరువైంది గాని, పక్షవాతంతో పడిపోయిన చేతికి పట్టు తెప్పించే పునరావాస వైద్యానికి అంతటి ఆదరణ దక్కకపోవడం విచారకరం.

ఆ పునరావాసంలో, కోత లేకుండా మెదడును ప్రేరేపించే పద్ధతి చరిత్ర ఇటీవలిదే. 1980లో లండన్‌లో మెర్టన్, మోర్టన్ నెత్తిమీద నుంచి విద్యుత్తు పంపి చేతి కండరాలను కదిలించగలిగారు గాని, నొప్పి ఎక్కువ కావడంతో అది రోగులకు పనికిరాలేదు. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో ఫారడే కనుగొన్న సూత్రాన్ని ఆధారం చేసుకుని, షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో ఆ అడ్డంకిని దాటింది: రాగి తీగచుట్టను నెత్తికి ఆనించి, అందులో సెకనులో వెయ్యోవంతు కూడా పట్టని ప్రవాహం వదిలితే, 'టక్' మన్న చప్పుడుతోపాటు ఎదుటి పక్క చేతివేళ్లు వాటంతటవే అదురుతాయి. 2000లో గొట్టింగెన్‌లో నిట్షే, పౌలస్ తడి స్పాంజి ఎలక్ట్రోడ్ల ద్వారా ఒక మిల్లీఆంపియరు ప్రవాహంతోనే మెదడు స్పందనను పెంచవచ్చనీ తగ్గించవచ్చనీ చూపారు.

మెదడు రెండు అర్ధభాగాలూ ఒకదాన్నొకటి అదుపులో ఉంచుకుంటాయి గనుక, ఒకటి దెబ్బతిన్నప్పుడు రెండోదాని ఒత్తిడి మితిమీరుతుందనీ, ఆరోగ్యంగా ఉన్న ఆ వైపును నెమ్మదింపజేస్తే పడిపోయిన చేయి కోలుకుంటుందనీ వైద్యులు ఆశించారు. ఆ ఆశను అమెరికాలో 12 కేంద్రాలలో, పక్షవాతం వచ్చిన 199 మందిపై పరీక్షించగా, 2018లో వెలువడిన ఫలితాలలో నిజమైన ప్రేరణ పొందినవారికీ ఉత్తుత్తి ప్రేరణ పొందినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వ్యాయామ శిక్షణ అందిన రెండు వర్గాలలోనూ దాదాపు మూడింట రెండొంతుల మంది మెరుగుపడ్డారు. పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి గాని, ఈ ప్రేరణ వ్యాయామానికి తోడు కావచ్చునే తప్ప బదులు కాజాలదు. కాబట్టి గుంటూరు ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన రోగికి క్రమం తప్పని ఫిజియోథెరపీ పర్చూరులోనే అందే ఏర్పాటు ముందుగా జరగాలి.